నీలం తాడిపత్రి

దేవరకద్ర సంతల ఉల్లిగడ్డలమ్మి వచ్చినంక
కుర్మమ్మ ఇంటి ముంగట తాడిపత్రి పరిచినం.
నాలుగు మూలలకు నాలుగు రాళ్లు.
"ఇది సముద్రం" అన్న నేను.
ఎవరూ నవ్వలే.

దీని కిందనే కాలువ పనులల్ల మూడు వానకాలాలు పండుకున్నం.
నడుమ చిరుగు, కుర్మమ్మకు బిడ్డ పుట్టిన రాత్రి గాలికి అయింది.
ఏసిన అతుకు వేరే నీలం.
"గాడ లోతెక్కువ" అన్నది జంగిలమ్మ.

ఇగ దీవులు.
చాటలకెళ్లి పల్లికాయలు తీసి పెట్టినం.
పోర్ట్ బ్లేయర్‌కు మూడు గింజల కాయ,
విమానం దిగాలె గదా, జాగ కావాలె.
హావ్‌లాక్ జరంత పైకి, కుడిదిక్కు.
దాని కింద నీల్, ఒంటి గింజది.
పేరు తెల్వనియి పిడికెడు చల్లినం.
ఓడకు అగ్గిపెట్టె.
ఒక్కో కాయ కాడ ఆపి, పుల్లలు గలగలమనంగ మళ్లీ తోలినం.
మాటల నడుమ కుర్మమ్మ ఒక దీవిని ఒలిచి నోట్లేసుకున్నది.
"ఓసి నీ! అండ్ల మనుషులుంటరే!"
"ముందుగాల చెప్పాలె" అని నమిలింది.

ఊర్లు తిరుగుడు మాకు కొత్త కాదు.
పుణె చూసినం, పునాది గుంతలకెళ్లి.
సూరత్ చూసినం, కంకర లారీ మీదకెళ్లి.
బొంబాయిల పదకొండో అంతస్తు సెంట్రింగు మీద నిలవడితే
దూరంగ ఒక గీత మెరిసిందంట కుర్మమ్మకు.
"సముద్రమా?" అని అడిగేలోపు మేస్త్రి కేకేసిండు,
తట్ట ఎత్తుకున్నది.
ముప్పయేండ్ల సంది
గా గీతనే చెప్తది, చెప్పినప్పుడల్లా కొంచెం పొడుగైతది.

పోయిన శుక్రారం పాలమూరు పోయినం.
టికెట్లు చేసే పిల్లగాడు నవాజ్
"అడ్వాన్సు కట్టాలమ్మా" అన్నడు.
అడ్వాన్సు.
ఆ మాటింటే మా మూడు మెడలు ఒక్కతీరుగ వంగినయి.
దసరా దాటంగనే మేస్త్రి చేతుల పెడుతుండె,
పట్టుకున్న గడియకెళ్లి
మా కాళ్లు వాని బుక్కులకు పోతుండె.
ఇప్పుడు పైచెయ్యి మాది.
ఉల్లి పైసలు, సంఘం పైసలు, జంగిలమ్మ పొట్టేలు పైసలు
మూట ఇప్పి బల్ల మీద లెక్కవెట్టినం.
ఏలిముద్ర ఎవడూ అడగలే.
రశీదిస్తే జంగిలమ్మ రవికెల దోపుకున్నది,
బస్సు జడ్చర్ల దిక్కు పోతదేమోనని కాదు గానీ
ఎందుకో దారి పొడుగునా తడుముకున్నది.

దినాలు కాయితం మీద గీతలు కొట్టి ఇచ్చిండు.
మాఘంల సముద్రం మెత్తగుంటదంట.
ఒకటో దినం దిగుడు, రెండు ఓడ, మూడు ఇంకో ఓడ.
నాలుగో గడిల ఏం రాయలే.
"గిదేంది బిడ్డా, మర్చిపోయినవా?"
"ఖాళీ అమ్మా. నీల్‌ల ఊకె ఉండుడు."
"ఊకె ఉంటే కూలి ఎట్ల?"
కుర్మమ్మ నోట్లెకెళ్లి జారింది.
నవాజ్ నవ్విండు.
మాకు గది ఏడ నవ్వాల్నో అర్థం గాలే.

ఆ గడి మీద ఇప్పటిదాక కొట్లాటే.
జంగిలమ్మ గవ్వలేరుదామంటది.
కుర్మమ్మ ఏమీ అనది, గీత అంచుకు పోయి కూసుంటదంట,
ఎవడు కేకేసినా లేవదంట.
నన్నడిగితే
గాడి ఇసుక ఎవ్వరి ఇంటికీ పోయేది కాదు గదా.
ఒక తట్టెడు గాకున్నా దోసెడెత్తుకుంట,
నాలుగడుగులు నడుస్త,
మళ్లీ ఆడనే పోస్త.

మాపటేలైంది. దీవులన్నీ చాటలకు ఎత్తినం.
తాడిపత్రి మడతవెడితే అగ్గిపెట్టె దొరుకుత లేదు.
ఓడ ఏ అతుకు కింద మునిగిందో
జర ఎతకుండ్రి,
పొయ్యి ముట్టియ్యాలె.